భయానికి ఎంత శాతం? పీటీఎస్‌డీ, వైకల్య నిర్ధారణ

ప్రాణాపాయాన్నో, తీవ్రమైన గాయాన్నో, లైంగిక హింసనో స్వయంగా అనుభవించినవారిలో, లేదా కళ్లారా చూసినవారిలో కొందరికి ఆ ఘటన ముగిసిపోయినా శరీరానికి మాత్రం ముగియదు. నెలలు, ఏళ్లు గడిచినా అది ఇంకా జరుగుతున్నట్టే గుండె, కండరాలు, నిద్ర, జ్ఞాపకం ప్రవర్తించే ఈ స్థితిని వైద్యశాస్త్రం పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, సంక్షిప్తంగా పీటీఎస్‌డీ, అని పిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జీవితకాలంలో ఏదో ఒక ఆఘాతకర ఘటనను ఎదుర్కొనేవారు ప్రపంచ జనాభాలో దాదాపు 70 శాతం ఉండగా, ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ బారిన పడేవారు 3.9 శాతమే, ఎందుకంటే అత్యధికులు కాలక్రమంలో తమంతట తామే తేరుకుంటారు. ఆ కొద్దిమందిలోనూ ఉద్యోగం చేయలేని, ఇల్లు దాటలేని స్థితికి చేరి, వైకల్య ధ్రువపత్రం కోసం ప్రభుత్వ వైద్యుడి ఎదుట కూర్చునేవారు ఇంకా తక్కువ. అక్కడ వారికి ఎదురయ్యే చిక్కు తక్కిన వైకల్యాలలో సాధారణంగా ఉండదు: ఏ లక్షణాలు వారిని అశక్తులను చేశాయో, తమ అశక్తతను రుజువు చేసుకోవడానికి అడ్డుపడేవీ ఆ లక్షణాలే.

అమెరికన్ మానసిక వైద్య సంఘం 2013లో ప్రచురించిన డీఎస్ఎమ్-5 అనే నిర్ధారణ గ్రంథం ఈ రుగ్మత లక్షణాలను నాలుగు గుంపులుగా విభజించింది. మొదటిది చొరబాటు, అంటే ఘటన తాలూకు దృశ్యాలు, శబ్దాలు, వాసనలు పిలవకుండానే మనసులోకి రావడం, పీడకలలుగా తిరగబెట్టడం, ఒక్కోసారి కాసేపు ఆ ఘటనలోనే ఉన్నట్టు స్థలకాలాల స్పృహ తప్పడం. రెండవది తప్పించుకు తిరగడం. ఆ చోటుకు, ఆ మనుషులకు, ఆ మాటకు, చివరికి ఆ తలపుకు కూడా దూరంగా ఉండేందుకు జీవితాన్ని కుదించుకోవడం. మూడవది ఆలోచనలలో, భావాలలో కలిగే మార్పు. తప్పంతా తనదేననే నమ్మకం, ఎవరినీ నమ్మలేకపోవడం, సొంత పిల్లల పట్ల కూడా ప్రేమ పొంగకపోవడం, ఘటనలోని ముఖ్యభాగాలు గుర్తు రాకపోవడం దీని కిందికి వస్తాయి. నాలుగవది నిరంతర అప్రమత్తత. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, అకారణంగా కోపం రావడం, నిద్ర పట్టకపోవడం, పనిమీద దృష్టి నిలవకపోవడం. ఇవి నెలకు మించి సాగి, బతుకుతెరువునో సంబంధాలనో దెబ్బతీసినప్పుడే రుగ్మతగా లెక్కిస్తారు. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ఈ లక్షణాల జాబితాను బాగా కుదించడంతో పాటు, బాల్యంలో ఏళ్ల తరబడి హింసకు గురైనవారిలో, గృహహింస బాధితులలో తరచు కనిపించే జటిల రూపానికి, అంటే కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి, విడిగా స్థానం కల్పించింది.

ఈ రుగ్మతలో మెదడు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి వేదాంతుల రజ్జుసర్ప దృష్టాంతం సగం దూరం వరకు ఉపకరిస్తుంది. చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెచ్చి చూపితే భయం పోతుందని వేదాంతం అంటుంది. పీటీఎస్‌డీలో దీపం వెలిగినా, అది తాడేనని తెలిసినా, భయం పోదు. అపాయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం, తీరికగా తర్కించే కార్టెక్స్ తీర్పు కోసం ఆగకుండానే శరీరాన్ని పోరాటానికో పలాయనానికో సిద్ధం చేస్తుంది. మామూలుగా దానికి పగ్గం వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మధ్యభాగం ఈ రోగులలో బలహీనంగా స్పందిస్తుందని, ఒక అనుభవం ఎప్పుడు, ఎక్కడ జరిగిందో గుర్తుపెట్టే హిప్పోక్యాంపస్ సగటున చిన్నదిగా ఉంటుందని మెదడు చిత్రీకరణ అధ్యయనాలు పదే పదే చూపాయి. కాలమూ స్థలమూ సరిగా ముద్ర పడని జ్ఞాపకం గతంలా కాక వర్తమానంలా తోచడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తల భావన.

హిప్పోక్యాంపస్ విషయంలో 2002లో మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేవనెత్తింది. వియత్నాం యుద్ధానికి వెళ్లి పీటీఎస్‌డీ తెచ్చుకున్న సైనికులను, యుద్ధం ముఖమే చూడని వారి సమరూప కవల సోదరులను పోల్చినప్పుడు, ఇంటిపట్టున ఉన్న సోదరులలో కూడా ఆ భాగం చిన్నదిగానే కనిపించింది. అంటే కనీసం కొందరిలో అది యుద్ధం చేసిన గాయం కాక, గాయానికి లోబడే స్వభావపు గుర్తు కావచ్చు. శాస్త్రానికి ఇది విలువైన ఆధారమే గానీ, పరిహారం ఎగవేయదలచిన యాజమాన్యం చేతిలో పడితే ఇదే వాక్యం ‘రోగం ముందునుంచే ఉంది’ అనే వాదనగా మారుతుంది. సమూహాల సగటు మీద నిలిచిన ఫలితాన్ని ఒక మనిషి కేసుకు అన్వయించడం చెల్లదని, ఈ రుగ్మతను ఒక వ్యక్తిలో నిర్ధారించగల రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ ఇప్పటికీ లేదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. శిక్షణ పొందిన వైద్యుడు నిర్ణీత పద్ధతిలో అడిగే ప్రశ్నలు, రోగి చెప్పే జవాబులు, ఇంట్లోవారు చెప్పే వివరాలు, ఇవే నిర్ధారణకు ఆధారం.

సాక్ష్యం ప్రధానంగా రోగి నోటిమాటే కావడం వల్ల పరిహారం ప్రశ్న ఈ రుగ్మతను పుట్టినప్పటినుంచీ వెంటాడింది. 1866లో జాన్ ఎరిక్‌సన్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు రైలు ప్రమాదాలలో పైకి గాయాలు కనిపించకుండానే నిద్ర, జ్ఞాపకం, పనిచేసే శక్తి కోల్పోయినవారి గురించి రాయగా, వారి జబ్బుకు ‘రైల్వే వెన్నెముక’ అనే పేరు వాడుకలోకి వచ్చి, కంపెనీల మీద దావాలు పెరిగాయి. దీనిని ఖండిస్తూ ఇది వెన్నెముకది కాదు, భయానిదని 1883లో వాదించిన హెర్బర్ట్ పేజ్ ఒక రైల్వే కంపెనీకి పనిచేస్తున్న వైద్యుడే కావడం గమనించదగ్గది; ఆయన స్వార్థం ఏదైనా, సిద్ధాంతంలో సత్యానికి దగ్గరగా ఉన్నది ఆయనే. జర్మనీలో 1884 నాటి ప్రమాద బీమా చట్టం నేపథ్యంలో నాడీవైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ ‘ఆఘాతజన్య నాడీరుగ్మత’ను ప్రతిపాదించగా, 1889లో ఆ దేశ బీమా కార్యాలయం దానికి పరిహారం ఇవ్వవచ్చని అంగీకరించింది. ఆ తర్వాత ‘పింఛను ఆశే ఈ రోగానికి కారణం’ అనే వైద్యుల వర్గం బలపడి, 1926లో అదే కార్యాలయం తన నిర్ణయాన్ని తిరగదోడింది. నాలుగు దశాబ్దాలలో మారింది రోగుల మెదళ్లు కాదు, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిపడ్డ లక్షల దరఖాస్తులూ, ఖాళీ అయిన ఖజానా.

అదే యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో ‘షెల్ షాక్’ అనే మాటను 1915లో లాన్సెట్ పత్రికలో చార్లెస్ మైయర్స్ వైద్యలోకానికి పరిచయం చేస్తే, 1917 నాటికే ఆ మాట వాడకాన్ని సైన్యమే కట్టడి చేయవలసి వచ్చింది. 1980లో వెలువడిన డీఎస్ఎమ్-3లో మొదటిసారి పీటీఎస్‌డీ అధికారికంగా చోటు చేసుకోవడం వెనుక కూడా వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులు, రాబర్ట్ జే లిఫ్టన్ వంటి మానసిక వైద్యులు నడిపిన ఉద్యమం ఉంది. వైద్యగ్రంథంలో పేరు లేని జబ్బుకు పింఛను అడగడం కష్టమన్నది వారికి అనుభవం మీద తెలిసిన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న నాటికి ఈ రుగ్మతకు ఆ పేరే లేదు, కనుక నీటి చప్పుడుకు నిద్రలేచి కూర్చునేవారిని రోగులుగా ఎంచే వీలూ నాటి సహాయ యంత్రాంగానికి లేదు.

పేరు వచ్చాక కూడా రుజువు భారం తగ్గలేదు. అమెరికా మాజీ సైనికుల శాఖ పీటీఎస్‌డీకి 0, 10, 30, 50, 70, 100 అనే మెట్లలో వైకల్య శాతం కట్టి నెలవారీ పరిహారం ఇస్తుంది. అందుకు వ్యాధి నిర్ధారణ, కారణమైన ఘటన జరిగిందనడానికి నమ్మదగిన ఆధారం, ఆ రెంటికీ సంబంధం ఉందనే వైద్యుడి అభిప్రాయం కావాలి. నేరుగా కాల్పుల్లో పాల్గొనని లారీ డ్రైవరో వంటవాడో తాను ఎదుర్కొన్న దాడికి దస్తావేజు చూపలేక ఏళ్లతరబడి తిరగవలసి వచ్చేది. 2010 జులైలో నిబంధన సడలించి, శత్రుదాడి భయం ఆ సైనికుడి సేవా పరిస్థితులకు పొసగుతూ, ఆ శాఖ మానసిక వైద్యుడు ధ్రువీకరిస్తే అతని మాటే చాలునన్నారు. పౌరులకు వర్తించే సామాజిక భద్రతా విభాగం మరో దారి పట్టింది. 2017 జనవరి నుంచి ఆఘాతసంబంధ రుగ్మతలకు ప్రత్యేక పద్దు తెరచి, ఘటన కంటే దాని ఫలితం మీద దృష్టి పెట్టింది: విషయాలు గ్రహించి గుర్తుంచుకోవడం, ఇతరులతో మసలడం, పనిలో ఏకాగ్రత నిలపడం, తనను తాను సంబాళించుకోవడం అనే నాలుగింటిలో ఒకటి అత్యంత తీవ్రంగానో, రెండు తీవ్రంగానో దెబ్బతిన్నాయా అన్నది అక్కడి ప్రధానమైన ప్రశ్న.

భారతదేశపు పద్ధతి ఈ రెండవ దారికి దగ్గర. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక అనారోగ్యం ఒకటి. పీటీఎస్‌డీ పేరు అందులో విడిగా లేకపోయినా, ఆలోచన, భావస్థితి, జ్ఞాపకం వంటివాటిలో కలిగిన గణనీయమైన లోపం వల్ల నిత్యజీవిత అవసరాలు నెరవేర్చుకునే శక్తి తీవ్రంగా దెబ్బతినడం అని చట్టం ఇచ్చిన నిర్వచనంలో అది ఇముడుతుంది. శాతం కట్టడానికి వాడే కొలబద్ద ఐడియాస్; భారత మానసిక వైద్యుల సంఘం పునరావాస కమిటీ దీనిని రూపొందించింది. ఇందులో సొంత శుభ్రత, ఆలనాపాలన ఒక అంశం. మనుషులతో సంబంధాలు రెండవది. మాట్లాడడం, అర్థం చేసుకోవడం మూడవది. ఉద్యోగం, ఇంటిపని, చదువు కలిపి నాలుగవది. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు, ఎంతకాలంగా జబ్బు ఉందన్నదానికి ఒకటి నుంచి నాలుగు వరకు పాయింట్లు వేసి, మొత్తం ఇరవైకి లెక్కిస్తారు. ఏడెనిమిది పాయింట్ల దగ్గర 40 శాతం గీత పడుతుంది. పింఛను, రిజర్వేషన్ వంటి ముఖ్య ప్రయోజనాలన్నీ ఆ గీత దాటినవారికే.

ఈ కొలబద్ద మొదట వాడుకలోకి వచ్చినప్పుడు స్కిజోఫ్రేనియా, బైపోలార్ రుగ్మత, డిమెన్షియా, ఓసీడీ వంటి దీర్ఘకాలిక జబ్బులను దృష్టిలో పెట్టుకున్నారు గనుక, పీటీఎస్‌డీకి అది కాస్త వదులుగా కుట్టిన చొక్కాలాగే ఉంటుంది. ఈ రోగులలో చాలామంది స్నానం చేస్తారు, తల దువ్వుకుంటారు, శుభ్రమైన బట్టలు వేసుకుని ఆసుపత్రికి వస్తారు. మొదటి అంశంలో నాలుగు పాయింట్లూ అక్కడే పోతాయి. అడిగినదానికి అర్థవంతంగా జవాబిస్తారు కాబట్టి మూడవ అంశంలోనూ ఒకటో రెండో మించవు. జబ్బు మొదలై రెండేళ్లు నిండకపోతే కాలానికి వచ్చేది ఒక్క పాయింటే. మిగిలిన రెండు అంశాలు, అంటే మనుషులతో మసలలేకపోవడం, పని చేయలేకపోవడం, ఇవే శాతాన్ని నిలబెట్టాలి. ఆ రెండూ పరీక్షగదిలో కూర్చున్న పావుగంటలో కంటికి కనిపించేవి కావు. పైగా లక్షణాలు ఎప్పుడూ ఒకే తీరున ఉండవు, ఘటన జరిగిన నెల వచ్చినప్పుడో, కోర్టు వాయిదా ఉన్నప్పుడో ముదిరి, తక్కినప్పుడు కాస్త అణిగి ఉంటాయి. అణిగిన రోజున సదరం, అంటే ప్రభుత్వ వైకల్య నిర్ధారణ, క్యాంపు పడితే రోగి అదృష్టం బాగాలేనట్టే.

అంతకంటే లోతైన ఇబ్బంది మరొకటి ఉంది. తప్పించుకు తిరగడం ఈ రుగ్మతకు మూలలక్షణం కాగా, దరఖాస్తు ప్రక్రియ అడిగేది సరిగ్గా దానికి విరుద్ధం: ఘటనను చెప్పు, మళ్లీ చెప్పు, తేదీలతో వరుసగా చెప్పు. జ్ఞాపకం ముక్కలుగా ఉన్నవారు పూసగుచ్చినట్టు చెప్పలేరు, చెప్పిన రెండుసార్లూ వివరాలు తేడాగా రావచ్చు, అన్నిటికంటే భయంకరమైన భాగాన్ని ముఖంలో ఏ భావమూ లేకుండా చెప్పవచ్చు; మొద్దుబారడం కూడా లక్షణమేనని తెలియని అధికారికి ఇవన్నీ అబద్ధానికి ఆనవాళ్లుగా కనిపిస్తాయి. రద్దీగా ఉన్న క్యూ, గట్టిగా పేర్లు పిలిచే బంట్రోతు, తలుపు మూసిన గదిలో అపరిచితుడు, ఇవి కొందరిని గుమ్మం దగ్గరనుంచే వెనక్కి పంపుతాయి. నటించేవారు ఉండరని కాదు. అయితే నటులను వడగట్టడానికి పెట్టిన ప్రతి అడ్డంకీ ముందుగా నిజమైన రోగినే ఆపుతున్నప్పుడు, ఆ అడ్డంకి రూపకల్పనలోనే లోపం ఉన్నదని ఒప్పుకోవాలి.

గీత దాటినవారికి దక్కేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు నెలకు 300 రూపాయలే. తెలంగాణ ఆసరా పింఛనును 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024 జులైలో 6,000 రూపాయలకు పెంచాయి. ప్రభుత్వోద్యోగాలలో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో మానసిక అనారోగ్యానికి విడిగా వాటా లేదు. ఆటిజం, మేధోవైకల్యం, ప్రత్యేక అభ్యసన వైకల్యం, బహుళ వైకల్యాలతో కలిపి ఒక్క శాతాన్ని పంచుకోవాలి. పింఛను కంటే చాలామందికి అక్కరకు వచ్చేది, అంతగా తెలియనిది, చట్టంలోని సెక్షన్ 20(4): ఉద్యోగంలో ఉండగా వైకల్యం సంక్రమించిన ప్రభుత్వోద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు, ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలి, అదీ కుదరకపోతే తగిన ఉద్యోగం దొరికేవరకో పదవీవిరమణ వరకో అదనపు పోస్టులో ఉంచాలి. మానసిక రుగ్మత ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారిపై క్రమశిక్షణ చర్యల కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆరోపించిన ప్రవర్తనకు వైకల్యం ఒక కారణమైనా చాలు, అదే ఏకైక కారణం కానక్కర్లేదని, అటువంటి చర్య వివక్ష కాగలదని చెప్పింది. కోపం, గైర్హాజరీ, పై అధికారితో ఘర్షణ రూపంలో బయటపడే పీటీఎస్‌డీకి ఈ తీర్పు ఎంతో దగ్గరిది.

సైనికుల విషయంలో 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పును కవల సోదరుల అధ్యయనం లేవనెత్తిన ప్రశ్నకు చట్టపరమైన జవాబుగా చదువుకోవచ్చు. చేరేటప్పుడు వైద్యపరీక్షలో ఏ లోపమూ నమోదు కాకపోతే ఆ సైనికుడు ఆరోగ్యవంతుడేనని భావించాలి, ఆ తరువాత వచ్చిన జబ్బు సేవ వల్ల కాదని రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిదే, సందేహం మిగిలితే దాని ఫలితం సైనికుడికే దక్కాలి అని అందులో సుప్రీంకోర్టు అన్నది. ఈ సూత్రం సైన్యానికే పరిమితమై, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్స్ ఉద్యోగులు, శవపరీక్ష గదుల్లో పనిచేసేవారు వంటి పౌర సేవలకు స్పష్టంగా విస్తరించకపోవడం విచారకరం.

పింఛను వస్తే చికిత్స మానేస్తారని, తగ్గితే పింఛను పోతుందనే భయంతో రోగాన్ని పెంచుకుంటారనే 1926 నాటి జర్మన్ వాదన నేటికీ వినిపిస్తుంది. ఆ భయం రోగులలో లేకపోలేదు; 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారుల ధ్రువపత్రాలను తిరిగి తనిఖీ చేసి, 40 శాతం కంటే తక్కువని తేలినవారికి నోటీసులు ఇచ్చినప్పుడు అది ఎంత నిజమైన భయమో బయటపడింది. అయితే చికిత్స ఫలితాలు ఆ వాదనను బలపరచవు. సురక్షితమైన గదిలో, శిక్షణ ఉన్న చికిత్సకుడి సాయంతో, ఆఘాత జ్ఞాపకాన్ని దఫదఫాలుగా ఎదుర్కొనే దీర్ఘ ఎక్స్‌పోజర్ చికిత్స, తప్పు తనదేననే నమ్మకాలను పరీక్షకు పెట్టే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ చికిత్స, కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్, ఇవి మూడూ గట్టి ఆధారాలున్న పద్ధతులు. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ మందులు కొంత ఊరటనిస్తాయి. చికిత్స అందని చోటే రోగం వైకల్యంగా గడ్డకడుతుంది. మధ్య, అల్పాదాయ దేశాలలో ఈ రోగులలో నలుగురిలో ఒక్కరు మాత్రమే చికిత్స కోసం ఎక్కడికైనా వెళ్లామని చెబుతున్నారన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను పింఛను వ్యయం గురించి కలత చెందేవారు ముందుగా చదవాలి.

దరఖాస్తు చేయదలచినవారు, వారి ఇంట్లోవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవడం మంచిది. శాతాన్ని నిర్ణయించేది ఘటన ఎంత ఘోరమైనదన్నది కాదు, పని, సంబంధాలు ఎంత దెబ్బతిన్నాయన్నది. కాబట్టి మానసిక వైద్యుడి ఓపీ చీట్లు, మందుల చీట్లు మొదటి రోజునుంచీ దాచుకోవాలి, సెలవులు, మానేసిన ఉద్యోగాలు, ఆగిన చదువు తాలూకు కాగితాలు జతచేయాలి, రోగి చెప్పలేనిది చెప్పగలిగిన మనిషి ఒకరు వెంట వెళ్లాలి, బాగున్న రోజు గురించి కాక మామూలు నెల ఎలా గడుస్తుందో చెప్పాలి. వైకల్య పరీక్ష స్లాటు మీసేవలోనో గ్రామ, వార్డు సచివాలయంలోనో దొరుకుతుంది. శాతం తక్కువ వేశారనిపిస్తే చట్టంలోని సెక్షన్ 59 కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.